ఆట ఖర్చు ఎవరిది?

బరంపురం అంచున ఉన్న మా హల్దియాపదర్‌లో సాయంత్రం అయిదు దాటితే చాలు, ఖాళీ జాగా కనబడిన చోటల్లా టెన్నిస్ బంతి క్రికెట్టే. తెలుగూ ఒడియా కలిసిపోయిన కేకలే. ఈ పిల్లలకు చిన్న లీగు ఒకటి నడపాలని నలుగురు పెద్దవాళ్లం కూర్చున్నాం. ఎవరైనా షాపు యజమానిని చందా అడుగుదామన్నారు కొందరు. పూర్వం అలాగే చేశాం. ఆయన ఇచ్చినన్నాళ్లూ ఆట సాగింది, ఆయన మానేసిన ఏడాది ఆగిపోయింది. అందుకే ఈసారి ఆడేవాళ్లే తలా కొంత వేసుకోవాలని నిర్ణయించాం.

లెక్క మీరూ చూడండి. జట్లు 8, ఆటగాళ్లు 88 మంది. ప్రతి జట్టూ మిగతా వాటితో ఒక్కొక్కసారి ఆడితే 28 ఆటలు. రెండు సెమీఫైనల్స్, ఒక ఫైనల్ కలిపితే 31. ఆటకు ఇద్దరు అంపైర్లు, ఒక్కొక్కరికి 100 రూపాయల చొప్పున 6,200. ఆటకు రెండు బంతులు, బంతి 70 చొప్పున 4,340. వెరసి 10,540. తలా 120 వేసుకుంటే 10,560. ఇరవై రూపాయలు మిగులు కూడాను! మా లెక్కకు మేమే మురిసిపోయాం.

మొదటి ఆదివారం ఒక కుర్రాడు గట్టు మీదే కూర్చుండిపోయాడు. బంతి చక్కగా వేస్తాడు.

"ఏరా, దిగవేం?" అన్నాను.

"కాలు నొప్పి మాస్టారూ."

సాయంత్రం వాళ్లమ్మ బజార్లో కనబడింది. "నొప్పీ లేదు, ఏమీ లేదు బాబూ. నెలాఖరు కదా, నన్ను డబ్బులడగలేక మానుకున్నాడు" అంది. ఇరవై రూపాయల మిగులుకు మురిసినందుకు సిగ్గేసింది.

మరి రుసుము తప్పా? కాదు. సొంత డబ్బు వేసినవాడు వేళకు వస్తాడు, లెక్క అడుగుతాడు. అమెరికాలో మనవాళ్లున్న చాలా ఊళ్లలో నగర పాలక సంస్థలే సరదా లీగులు నడుపుతాయి. జట్లు కట్టే రుసుముతో అంపైర్ల ఖర్చు, దీపాల ఖర్చు గడుస్తుంది. పేదింటి పిల్లలకు రుసుము తగ్గించే ఊళ్లూ ఉన్నాయి. హైదరాబాదు నగర పాలక సంస్థ వేసవి శిక్షణ శిబిరాల్లో చాలా ఆటలకు పది రూపాయలే తీసుకున్న సంవత్సరాలున్నాయి. ఆ పది రూపాయలతో ఖర్చంతా గట్టెక్కదు. మిగతాది ఊరే భరించాలి.

నాకు తోచిన పద్ధతి ఇది: మైదానం ఊరిది, ఆట ఖర్చు ఆటగాళ్లది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంస్థల బాధ్యతల జాబితాలో పార్కులతో పాటు ఆటస్థలాలనూ చేర్చింది. మన బరంపురం 2008లో నగర పాలక సంస్థ అయింది. నేల చదును చేయడం, నీళ్లు, దీపాలు మన పన్నుల్లోంచి రావాలి. బంతులు, అంపైర్లు రుసుములోంచి రావాలి. ఈ రెండూ కలిస్తే వార్డుకో జట్టుతో ఊరంతటికీ లీగు నడపవచ్చు.

ఇక ఇవ్వలేనివాళ్ల మాట. 88 మందిలో ఎనిమిది మంది ఇవ్వలేకపోతే లోటు 960 రూపాయలు. మిగిలిన 80 మందీ తలా పన్నెండు రూపాయలు ఎక్కువ వేస్తే అది పూడిపోతుంది. ఒక కప్పు టీ ఖర్చు! అయితే దీనికో మర్యాద ఉండాలి. ఎవరు ఇచ్చారో, ఎవరు ఇవ్వలేదో కోశాధికారికి తప్ప రెండో మనిషికి తెలియకూడదు. ఖర్చుల లెక్క మాత్రం అందరికీ కనబడేలా గోడ మీద అంటించాలి. మేమిప్పుడు అలాగే చేస్తున్నాం.

2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో బరువులెత్తి స్వర్ణం తెచ్చిన కె. రవికుమార్ మన బరంపురం వాడే. అటువంటి వాళ్లు ఏ కొద్దిమందో ఉంటారు. మన లీగు పతకాలు రాని మిగతా పిల్లలందరి కోసం.

రెండో ఆదివారం ఆ కుర్రాడు బంతి అందుకున్నాడు. కాలు నొప్పి సంగతి నేనూ అడగలేదు, వాడూ చెప్పలేదు.