బెల్లీ డ్యాన్సులో ఆశునృత్యం

ఆశునృత్యం అనగా అడుగులను, భంగిమలను ముందుగా కూర్చుకొనక, వినిపిస్తున్న సంగీతాన్ని అనుసరించి అప్పటికప్పుడు నర్తించుట. బెల్లీ డ్యాన్సుగా ప్రసిద్ధి చెందిన ఈజిప్టు దేశపు రక్స్ షర్కీ నృత్యంలో ఏకపాత్ర ప్రదర్శనకు ఇదే మూలం. తోచినట్లు ఆడుట ఆశునృత్యం కాదు. ఆశుకవి పద్యాన్ని అప్పటికప్పుడు చెప్పినా, ఛందస్సు, పదసంపద అతనికి ముందే వశమై ఉంటాయి. అదే విధంగా నర్తకికి తాళాలు, స్వరాల నడక, పాటల సాహిత్యం ముందే వశమై ఉండాలి. కావున ఈ విద్యలో సాధనలో ఎక్కువ భాగం వినుటకు సంబంధించినదే.

పేరు

అరబ్బీ భాషలో 'రక్స్' అనగా నృత్యం, 'షర్కీ' అనగా తూర్పునకు చెందినది. 'బెల్లీ డ్యాన్సు' అనే పేరు, ఉదర నృత్యం అనే అర్థం గల ఫ్రెంచి పదబంధం నుండి వచ్చినది. 1893లో షికాగో నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలోని 'కైరో వీధి' వలన ఈ నృత్యం అమెరికాలో ప్రచారం పొందింది. పేరులో ఉదరం ఉన్నప్పటికీ కదలికలలో తుంటి, నడుము, ఛాతీ, భుజాలు, చేతులు అన్నింటికీ పాత్ర ఉన్నది. ఈజిప్టులో సామాన్య జనం ఇళ్ళలోను, పెళ్ళిళ్ళలోను చేసే నృత్యాన్ని 'రక్స్ బలదీ' అంటారు. 'బలదీ' అనగా దేశీయమైనది, మన ఊరిది అని అర్థం. ఈ నృత్యానికి ముందస్తు కూర్పు ఉండదు. పిల్లలు పెద్దలను చూచి నేర్చుకుంటారు.

చరిత్ర

19వ శతాబ్దంలో ఈజిప్టులో వీధులలో, ఉత్సవాలలో నర్తించిన వృత్తి నర్తకులను గవాజీలు అనేవారు. 1834లో పాలకుడు ముహమ్మద్ అలీ వీరిని కైరో నుండి దక్షిణ ప్రాంతాలకు వెడలగొట్టాడు. 1926లో బదియా మసాబ్నీ కైరోలో స్థాపించిన వినోదశాల ఈ నృత్యానికి పెద్ద వేదికను, వాద్యబృందాన్ని సమకూర్చింది. తహియా కారియోకా, సామియా గమాల్ అక్కడి నుండే వెలుగులోకి వచ్చి, తరువాత చలనచిత్రాలలో ప్రఖ్యాతి పొందారు. పాశ్చాత్య నృత్యాల ప్రభావంతో వేదికపై బృందనృత్యాలకు కూర్పు వచ్చినది. అయినను ఏకపాత్ర నర్తకి, వాద్యకారుల మధ్య అప్పటికప్పుడు సాగే సంభాషణ మిగిలియే ఉన్నది.

పండితుడు ఎడ్వర్డ్ సయీద్ 1990లో తహియా కారియోకాపై ఒక వ్యాసం వ్రాశాడు. ఆమె నృత్యంలో ఆయనను ఆకర్షించినది ఎక్కువ కదలిక కాదు, నిలకడ. ఆశునృత్యం నేర్చుకొనువారికి ఇది ముఖ్యమైన పాఠం. ప్రతి స్వరానికి కదలవలసిన అవసరం లేదు.

తాళాలు

ఈజిప్టులో 'తబ్లా' అనగా మన హిందూస్థానీ జంట వాద్యం కాదు. అది పాత్ర ఆకారంలో ఉండే ఒంటి డోలు. ఇతర దేశాలలో దీనిని దర్బుకా అంటారు. దీనిపై మధ్యభాగంలో పలికే గంభీరమైన దెబ్బను 'దుమ్' అని, అంచుపై పలికే పదునైన దెబ్బను 'తక్' అని పిలుస్తారు. నాలుగు మాత్రల ఆవృత్తాన్ని ఎనిమిది భాగాలు చేస్తే ప్రధానమైన మూడు తాళాలు ఈ విధంగా ఉంటాయి. గీత ఉన్నచోట విరామం.

మక్సూమ్: దుమ్ తక్ – తక్ దుమ్ – తక్ –
బలదీ: దుమ్ దుమ్ – తక్ దుమ్ – తక్ –
సయీదీ: దుమ్ తక్ – దుమ్ దుమ్ – తక్ –

మూడింటికి భేదం ఒకటి రెండు దెబ్బలలోనే ఉన్నది. కాని ఆ భేదమే నృత్యం యొక్క బరువును మారుస్తుంది. బలదీలో మొదటి రెండు దుమ్‌లు శరీరాన్ని నేలవైపు లాగుతాయి. సయీదీలో ఆ జంట దుమ్‌లు ఆవృత్తం మధ్యలో వస్తాయి. ఈ తాళం ఎగువ ఈజిప్టులోని కర్రనృత్యాన్ని గుర్తు చేస్తుంది. నర్తకి వేదికపైకి వచ్చుటకు, నిష్క్రమించుటకు రెండు మాత్రల 'మల్ఫూఫ్' తరచుగా వాడుతారు. తాళం మారిన క్షణాన్ని చెవి పట్టుకొనలేకపోతే, కదలికలు ఎన్ని తెలిసినా అవి సంగీతానికి బయటనే ఉండిపోతాయి.

మకామ్, తక్సీమ్

అరబ్బు సంగీతంలో స్వరవ్యవస్థను మకామ్ అంటారు. ఇది మన రాగానికి దగ్గరి భావన. హిజాజ్ మకామ్ పూర్వాంగంలోని నాలుగు స్వరాల మధ్య అంతరాలు మాయామాళవగౌళ పూర్వాంగాన్ని పోలి ఉంటాయి. కావున కర్ణాటక సంగీతం విన్నవారికి అది కొత్తగా తోచదు. అయితే రస్త్, బయాతీ మకామ్‌లలో అర్ధస్వరానికి, పూర్ణస్వరానికి మధ్యన ఉండే అంతరాలు వస్తాయి. వీటికి మేళకర్త పద్ధతిలో సమానమైన స్థానం లేదు.

ఒక వాద్యకారుడు ఒంటరిగా, సాధారణంగా తాళం లేకుండా, మకామ్‌ను విస్తరించుటను 'తక్సీమ్' అంటారు. ఇది ఆలాపన వంటిది. విద్యార్థులు ఎక్కువగా భయపడేది ఇక్కడనే, ఎందుకనగా లెక్కించుటకు మాత్రలు ఉండవు. తక్సీమ్‌లో కాలాన్ని ఊపిరితో కొలవాలి. వాద్యం ఒక పలుకు పలికి ఆగుతుంది, మరల పైస్వరం నుండి ఎత్తుకొంటుంది, చివరకు ఆధారస్వరానికి చేరుతుంది. స్వరం నిలిచినపుడు నర్తకి కూడా నిలుచుట, స్వరం దిగినపుడు బరువును దించుట మొదటి సాధన.

వాద్యాన్ని బట్టి కదలిక మారుతుంది. నై అనే వేణువుకు చేతులు, ఛాతీ మెల్లగా కదులుతాయి. కానూన్ తంత్రుల త్వరిత కంపనానికి తుంటిని సన్నగా కంపింపజేసే 'షిమ్మీ' ఇముడుతుంది. తబ్లా దెబ్బకు తుంటిని ఒక్కసారిగా దించుట లేదా ఎత్తుట సరిపోతుంది. ఇవి కట్టుబాట్లు కావు, ఆరంభకులకు ఉపకరించే ఆధారాలు.

నేర్చుకొను విధానం

ఆరంభకులకు ఎదురయ్యే ప్రధాన సమస్య కదలికల కొరత కాదు. సంగీతం మొదలైన వెంటనే నేర్చినవన్నీ ఒక్కసారిగా గుర్తుకువచ్చుట, లేదా ఏదియు గుర్తుకు రాకపోవుట. దీనికి విరుగుడు స్వేచ్ఛను పెంచుట కాదు, తగ్గించుట. సాధారణంగా ఈ క్రింది మెట్లు ఉపకరిస్తాయి.

కూర్చుండి వినుట: ఒకే పాటను పలుమార్లు విని, మొదటిసారి తాళాన్ని, తరువాత రాగాన్ని, ఆ తరువాత గాయకుని పాదాల మధ్య వాద్యబృందం ఇచ్చే సమాధానాన్ని గుర్తించాలి. ఈ సమాధానాన్ని 'లాజిమా' అంటారు.

ఒకే కదలిక: పాట మొత్తానికి ఒకే కదలికను వాడాలి. పరిమాణం, వేగం, దిశ, విరామం మాత్రమే మార్చాలి. అంకె ఎనిమిది ఆకారంలో తుంటిని త్రిప్పుట వంటి ఒక్క కదలికలోనే ఎన్ని భేదాలున్నవో దీనివలన తెలుస్తుంది.

నడక: ఏమీ తోచనపుడు తాళానికి నడవాలి. నడక కూడా నృత్యమే, అది ఆలోచించుటకు సమయాన్ని ఇస్తుంది.

పునరావృత్తిని వాడుకొనుట: అరబ్బు పాటలలో ఒక పలుకు తరచుగా మరల వస్తుంది. తెలియని పాటలో మొదటిసారి విని, రెండవసారి నర్తించవచ్చును.

సాహిత్యం తెలిసికొనుట: ఉమ్ కుల్సూమ్ 1964లో పాడిన 'ఇంత ఉమ్రీ' వంటి పాటలు అరబ్బు శ్రోతలకు కంఠస్థం. ఈమె పాటలకు నర్తించి సుహైర్ జకీ ఖ్యాతి గాంచినది. విరహం పలికే పాదానికి నర్తకి చిరునవ్వుతో గిరగిర తిరిగితే, ఆమెకు భాష తెలియదని సభకు వెంటనే తెలిసిపోతుంది. మన పదాల అభినయంలో ఒకే పాదాన్ని మరల మరల పాడగా నర్తకి కొత్త భావాలను చూపును. అక్కడ కూడా ఆధారం సాహిత్యమే.

ఒక ఉదాహరణ: బలదీ క్రమం

నిర్మాణం, స్వేచ్ఛ ఏ విధంగా కలిసి ఉంటాయో కైరో నగరపు బలదీ క్రమంలో స్పష్టంగా కనిపిస్తుంది. మొదట అకార్డియన్ తాళం లేకుండా తక్సీమ్ వాయిస్తుంది. అరబ్బు స్వరాలు పలుకుటకు ఈ వాద్యాన్ని ప్రత్యేకంగా మార్చుకొన్నారు. నర్తకి దాదాపు ఒకేచోట ఉండి నెమ్మదిగా కదులుతుంది. తరువాత అకార్డియన్ చిన్న పలుకులతో ప్రశ్నించగా తబ్లా బదులిస్తుంది. నర్తకి ఆ బదులును తుంటి దెబ్బతో చూపుతుంది. పిమ్మట తాళం నిలకడగా మొదలై, క్రమంగా వేగం పెరిగి, ఉత్సాహంతో ముగుస్తుంది. మెట్లు అందరికీ తెలుసు. ఒక్కొక్క మెట్టుపై ఎంతసేపు నిలువవలెనో ఎవరికీ ముందుగా తెలియదు. వాద్యకారుడు నర్తకిని చూచి, నర్తకి వాద్యకారుని విని నిర్ణయిస్తారు. ఈ సమన్వయం కుదిరినపుడు సభలో కలిగే తన్మయత్వాన్ని అరబ్బులు 'తరబ్' అంటారు.

సామూహిక ఆశునృత్యం

1987లో కరోలీనా నెరిచియో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థాపించిన 'ఫ్యాట్‌చాన్స్‌బెల్లీడ్యాన్స్' బృందం నుండి వేరొక పద్ధతి వ్యాపించింది. ఇందులో పలువురు కలిసి ఆశునృత్యం చేస్తారు. అందరికీ ఒకే కదలికల సంపుటి తెలిసి ఉంటుంది. ముందున్న నాయకురాలు చేయి లేదా శరీరపు సంజ్ఞతో రాబోయే కదలికను సూచించగా, వెనుకనున్నవారు అనుసరిస్తారు. నాయకత్వం నృత్యం మధ్యలోనే చేతులు మారుతుంది. ఇది ఈజిప్టు సంప్రదాయం కాదు, అమెరికాలో రూపొందిన శైలి. ఏకపాత్ర నర్తకి సంగీతాన్ని వినుట నేర్వగా, ఇక్కడ తోటివారిని చూచుట కూడా నేర్వవలెను.

మారిన పరిస్థితులు

1959లో మహమూద్ రెడా స్థాపించిన బృందం ఈజిప్టు జానపద నృత్యాలకు కూర్చిన రూపాన్ని ఇచ్చి, వాటికి వేదికపై గౌరవాన్ని తెచ్చింది. విదేశాలలో తరగతులు పెరిగిన కొలది, కూర్చిన నృత్యాన్ని అంకెలతో లెక్కించి నేర్పుట సులభమైన పద్ధతిగా స్థిరపడింది. వాద్యబృందానికి బదులు ధ్వనిముద్రిత సంగీతాన్ని వాడుట దీనిని మరింత బలపరచింది. ధ్వనిముద్రణ నర్తకికి బదులివ్వదు. ఆమె ఆగితే ఆగదు, ఆమె కోరితే మరల పలుకదు. కూర్చిన నృత్యాలను మాత్రమే నేర్చిన విద్యార్థి వాద్యకారుల ఎదుట నిలిచినపుడు, వారు ఒక పలుకును అదనంగా వాయిస్తే దిక్కుతోచక నిలిచిపోవుట ఇందువలననే.

అయినను కూర్పు, ఆశువు ఒకదానికొకటి శత్రువులు కావు. ప్రవేశం, ముగింపు నిర్ణయించుకొని మధ్యభాగాన్ని వదలివేయుట పలువురు నర్తకులు అనుసరించే మార్గం. ధ్వనిముద్రణతో సాధన చేసేవారు కూడా ఒకే పాటను వేర్వేరు గాయకుల, వాద్యకారుల రూపాలలో విని, ఏ రెండు ప్రదర్శనలు ఒకటి కావని గ్రహించగలరు. ఆ గ్రహింపుతోనే ఆశునృత్య సాధన మొదలవుతుంది.

ఇవి కూడా చూడండి

అరబ్బు సంగీతం
ఉమ్ కుల్సూమ్
మనోధర్మ సంగీతం
ఆశుకవిత్వం