సాక్షిని పరీక్షింపని పరిశోధన

తెలంగాణమున కవులు పూజ్యమన్న నింద చెవిని పడినపుడు, పాలమూరు సీమలో జన్మించిన సురవరం ప్రతాపరెడ్డిగారు మాటకు మాట బదులిచ్చి ఊరకుండక, పల్లెపల్లెనుండి కవుల వివరములను పద్యములను రప్పించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించిరి. గ్రంథములలో కానరానిది లోకముననే లేదని తలచుట ఎంత పొరపాటో ఆ సంచిక ఋజువు చేసినది. కళాశాలలో పరిశోధన వ్యాసమునకు పూనుకొను మన నల్లగొండ, మహబూబ్‌నగర్ విద్యార్థులు మొదట నేర్వవలసిన పాఠమిదియే.

ఆధారము దొరకుట సగము పని మాత్రమే. దానిని పరీక్షించుట తక్కిన సగము. కందూరు చోడుల రాజధానియైన పానుగల్లును గూర్చి వ్రాయబూనిన విద్యార్థికి, అంతర్జాలమున అచటి ఛాయాసోమేశ్వరాలయముపై వ్యాసములు క్షణములో లభించును. వ్రాసినవారెవరు, ఎప్పుడు వ్రాసిరి, దేనిని చూచి వ్రాసిరి అని అడిగినచో, వానిలో పెక్కు ఒకదానినుండి మరియొకటి ఎత్తివ్రాసినవేయని తేలవచ్చును. పది చోట్ల కనబడినంత మాత్రమున ఒక సాక్ష్యము పది సాక్ష్యములు కాజాలదు. కావున అధస్సూచికల వెంట నడచి, విశ్వవిద్యాలయముల సిద్ధాంతగ్రంథములున్న శోధగంగను వెదకి, తుదకు నల్లగొండ జిల్లా శాసన సంపుటముల కడకు, లక్ష్మణరాయ పరిశోధక మండలివారి ‘తెలంగాణా శాసనముల’ కడకు చేరవలెను.

శాసనమైనను సర్వము సత్యమని నమ్మదగదు. దాత పేరు, దానము చేసిన భూమి, తిథి అనువానికి శాసనము గట్టి ఆధారము. రాజు శౌర్యమును కీర్తించు ప్రశస్తి భాగము మాత్రము స్తోత్రమని ఎరిగి చదువవలెను.

కావ్యము విషయమున నిది తారుమారగును; అందు వర్ణనయే సాక్ష్యమగును. ‘క్రీడాభిరామము’ కర్తృత్వమును గూర్చి పండితులలో వివాదమున్నను, ఓరుగంటి వీథులను, వినోదములను వర్ణించుచు ఆ కవి తానెరుగకయే చరిత్రకు సాక్షి యయ్యెను. అట్టి సాక్షులను పిలిచి, ప్రజల తిండి, కట్టు, ఆటపాటలను పలికించి, ప్రతాపరెడ్డిగారు 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను ప్రకటించిరి. వారు 1953లో గతించిరి. ఆ గ్రంథమునకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది.

విద్యార్థులారా! మీ వ్యాసము పది పుటలదే కావచ్చును. అందు ఒక్క వాక్యమునైనను దాని మూలము వరకు నడచి, కన్నులార చూచి వ్రాయుడు.