గాలంతో కొర్రమీను వేట

కొర్రమీను మంచినీటిలో నివసించే మాంసాహారి చేప. దీని శాస్త్రీయ నామం చన్నా స్ట్రయాటా. తెలంగాణ పల్లెలలో దీనిని కొరమట్ట, కొర్రమట్ట అని కూడా పిలుస్తారు. తెలంగాణ ప్రభుత్వం 2016లో దీనిని రాష్ట్ర చేపగా ప్రకటించింది. ప్రధానంగా పూర్వపు వరంగల్లు జిల్లా నుండి 2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల చెరువులు, కుంటలు, వాగులలో ఈ చేపను గాలంతో పట్టడం పలువురికి ప్రీతికరమైన కాలక్షేపం. వల వేయడం వృత్తి అయితే, గాలం వేయడం చాలా వరకు సరదా. ఈ వ్యాసం ఆ సరదా వేటను గురించి, అందులో పాటించవలసిన మర్యాదలను గురించి వివరిస్తుంది.

అమెరికాలో సరదా వేటగాళ్లకు బాస్ అనే చేప ఎటువంటిదో మన చెరువులలో కొర్రమీను అటువంటిది. రెండూ వేరు వేరు కుటుంబాలకు చెందినవే అయినా రెండూ కలుపు మొక్కల నీడలో పొంచి ఉండి ఎరపై ఒక్కసారిగా దూకుతాయి. అందువలన బాస్ కోసం తయారైన బోలు రబ్బరు కప్ప కొర్రమీనుకు కూడా చక్కగా పనిచేస్తుంది. ఇదే జాతికి చెందిన ఉత్తరాది కొర్రమీను 2002లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో క్రాఫ్టన్ పట్టణపు కుంటలో కనిపించగా, అది స్థానిక చేపలను తినివేస్తుందన్న భయంతో అధికారులు ఆ కుంటలోని చేపలన్నింటినీ మందు చల్లి చంపారు. ఒకచోట రాష్ట్ర చేపగా గౌరవం పొందే జాతి మరొకచోట శత్రువుగా పరిగణింపబడడం విచిత్రమే.

చేప స్వభావం

కొర్రమీను శరీరం గుండ్రంగా, పొడవుగా, తల పాము తలను పోలి ఉంటుంది. దీనికి మొప్పలతో పాటు తలలో గాలిని పీల్చుకొనే ప్రత్యేక అవయవం ఉన్నది. కనుక ఇది మధ్య మధ్య నీటిపైకి వచ్చి గాలి మింగి తిరిగి లోనికి పోతుంది. పైకి రానివ్వకుండా ఆపితే నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది. తడి గోనెసంచిలో గంటల తరబడి బ్రతికి ఉండగలదు. అంగడిలో దీనిని ప్రాణంతో అమ్మగలగడానికి కారణం ఇదే. వేసవిలో చెరువు ఎండినప్పుడు తడి బురదలో దాగి వానల కొరకు ఎదురుచూడగలదు.

ఈ చివరి లక్షణం జనగామ ప్రాంతంలో ముఖ్యమైనది. ఇది ఎత్తైన మెట్ట ప్రాంతం, వర్షాలు తక్కువ. దేవాదుల ఎత్తిపోతల పథకం గోదావరి జలాలను తేకముందు ఇక్కడి కుంటలు అనేకం వేసవిలో బీటలు వారేవి. బయటి నుండి ఎవరూ పిల్లలను తెచ్చి వదలకపోయినా, వానలు పడిన కొద్ది రోజులకే అటువంటి కుంటలలో కొర్రమీను కనిపించడం వింత కాదు.

దీని బంధువులు రెండు ఇవే చెరువులలో ఉంటాయి: చిన్నదైన మట్టగిడస, మిక్కిలి పెద్దగా పెరిగే పూమీను. కొత్తవారు మట్టగిడసను చూచి కొర్రమీను పిల్ల అని పొరబడుతుంటారు.

వేట జరిగే నీళ్లు

ఈ మూడు జిల్లాల నీటి వనరులలో కాకతీయుల కాలం నాటివి చాలా ఉన్నాయి. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారం చెరువు వద్ద గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన శాసనం కాకతీయుల వంశక్రమాన్ని తెలుపుతుంది. భూపాలపల్లి జిల్లా గణపురంలోని గణపసముద్రం కోటగుళ్లకు సమీపంలో ఉన్నది. అదే జిల్లాలో కాళేశ్వరం వద్ద ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. అయితే నదిలో ప్రవాహం బలంగా ఉన్నచోట కొర్రమీనును వెదకడం వృథా. అది నిలిచిన నీటిని, తుంగ, తామర, గుర్రపుడెక్క పెరిగిన అంచులను కోరుకుంటుంది. పెద్ద చెరువులో నడిమధ్యకు గాలం విసరడం కొత్తవారు చేసే మొదటి తప్పు. చేప చాలాసార్లు వారి కాళ్లకు పది అడుగుల దూరంలోనే ఉంటుంది.

2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకంలో చెరువుల పూడిక తీయబడింది. నీటి నిలువ పెరిగింది. పూడికతో పాటు అంచులలోని తుంగ కూడా పోయినచోట మాత్రం చేప దాగే తావు తగ్గుతుంది. అది తిరిగి పెరగడానికి కొంతకాలం పడుతుంది.

సాధనాలు, ఎరలు

గాలం అనే మాటను కొక్కేనికీ, మొత్తం సాధనానికీ కూడా వాడుతారు. పాతకాలపు గాలంలో వెదురు కంక, దాని కొసకు కట్టిన తంగూసు దారం, జీలుగు బెండు, చిన్న సీసపు గుండు, కొక్కెం ఉంటాయి. ఎర్రను, అనగా వానపామును గుచ్చి వేస్తే జెల్లలు, చిన్న చేపలు పడతాయి. తవుడు, పల్లిచెక్క కలిపిన పిండిముద్ద బొచ్చె, రవ్వ, బంగారుతీగ వంటి వాటికి పనికివస్తుంది. బొచ్చె పైనీటిలో, రవ్వ నడిమి నీటిలో, మృగాల అడుగున మేస్తాయి కనుక, బెండును దారంపై జరిపి ఎర ఎంత లోతున ఉండాలో నిర్ణయించుకోవాలి.

కొర్రమీను విషయంలో పద్ధతి వేరు. దీనికి కదిలే ఎర కావాలి. పూర్వం బ్రతికి ఉన్న చిన్న కప్పను గుచ్చి నీటి అంచున ఆడించేవారు. కప్పకు కలిగే బాధ ఒక్కటే కాదు, పొలంలో పురుగులను తినే కప్ప రైతుకు మిత్రుడు కూడా. ఇప్పుడు రబ్బరు కప్పలు విరివిగా దొరుకుతున్నందున ఆ పద్ధతిని మానడమే మేలు. రబ్బరు కప్పకు కొక్కేలు వీపువైపు ఒరిగి ఉంటాయి. అందువలన ఆకులలో తట్టుకోదు.

వేసే విధానం

ఉదయం వెలుగు వచ్చే వేళ, సాయంత్రం పొద్దు వాలే వేళ అనుకూలం. గట్టుపై బరువుగా నడిస్తే అదురు నీటిలోనికి పోతుంది. నీడ నీటిపై పడకుండా నిలబడాలి. మొదట కొంతసేపు గాలం వేయకుండా నీటిని చూడాలి. కొర్రమీను గాలి కోసం పైకి వచ్చినచోట చిన్న సుడి, బుడగలు కనిపిస్తాయి. కప్పను ఆ చోటికి కొంచెం అవతల పడవేసి, ఆకులపై మెల్లగా లాగుతూ, ఖాళీ నీరు వచ్చినచోట ఒక్క క్షణం ఆపాలి.

చేప అందుకున్నప్పుడు నీరు పెద్దగా చప్పుడవుతుంది. ఆ చప్పుడుకు ఉలిక్కిపడి వెంటనే లాగినవారికి చాలాసార్లు ఖాళీ కప్పే తిరిగి వస్తుంది. దారం బిగుసుకొని బరువు తెలిసేవరకు ఆగి, అప్పుడు గట్టిగా లాగాలి. దీని నోరు ఎముకతో గట్టిగా ఉంటుంది కనుక మెత్తగా లాగితే కొక్కెం దిగదు. దిగిన తరువాత ఆలస్యం చేయరాదు. చేప తుంగ మొదళ్లలోనికి దూరి దారాన్ని చుట్టివేస్తుంది. బొచ్చె, రవ్వల నోరు మెత్తన. వాటిని మాత్రం కొంత దూరం పరుగెత్తనిచ్చి, అలసిన తరువాత తేవాలి. ఒక చేపకు నేర్చిన పద్ధతిని మరొక చేపకు వాడి నష్టపోయినవారు ప్రతి గట్టుమీద ఉంటారు.

గట్టుమీది స్నేహం

ఈ విద్య పుస్తకాలతో కంటె పక్కన కూర్చున్నవారి వలన ఎక్కువగా అబ్బుతుంది. ఉద్యోగి, కూలి, విద్యార్థి అనే తేడాలు గట్టుమీద అంతగా ఉండవు. తాత, మామ, అన్న, తమ్మి అనే వరుసలతోనే పలకరింపులు సాగుతాయి. ఎర అయిపోయినవానికి ఎర ఇవ్వడం, ముడి వేయడం రానివానికి వేసి చూపడం సాధారణం. ఒకరికి పెద్ద చేప తగిలితే పక్కవారు తమ దారాలను వెంటనే తీసివేయాలి, లేకపోతే అన్నీ చిక్కుపడతాయి. విసిరేవాని వెనుకకు చెప్పకుండా పోరాదు. ఒకరు నిలిచి చూస్తున్న సుడిలోనికి మరొకరు గాలం విసరడం కలహానికి మూలం. ఏ చెరువులో చేప ఆడుతున్నదో స్నేహితులకు చెబుతారు గాని, ఆ చెరువులో సరిగ్గా ఏ మూలనో చెప్పడానికి మాత్రం కొంత పరిచయం కావాలి!

హక్కులు, చట్టం

చెరువులలోని చేపలపై హక్కు సాధారణంగా గ్రామ మత్స్యకారుల సహకార సంఘానికి ఉంటుంది. ముదిరాజులు, గంగపుత్రులు మొదలైన కులాల కుటుంబాలు దీనిపై ఆధారపడి జీవిస్తాయి. 2016-17 నుండి ప్రభుత్వం చెరువులలో ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకం మొదలైన తరువాత కాపలా పెరగడం సహజమే. సరదాకు వచ్చినవాడు ముందుగా సంఘంవారిని అడగాలి. వారు వద్దంటే వాదించరాదు. వానికి ఒక సాయంత్రం పోతుంది, వారికి సంవత్సరపు ఆదాయం. కొర్రమీను అంగడిలో ధర పలికే చేప అన్న సంగతి కూడా మరువరాదు.

నీటిలో మందుగుండు పేల్చి, లేక విషం కలిపి చేపలను చంపడం 1897 నాటి భారత మత్స్య చట్టం ప్రకారం నేరం.

ప్రమాదాలు

మత్తడి దుంకుతున్నప్పుడు ఎదురెక్కే చేపల కోసం జనం గుమికూడుతారు. నాచు పట్టిన రాళ్లపై కాలు జారితే ప్రవాహం నుండి తప్పించుకోవడం ఈతగానికి కూడా కష్టం. తూము నోటి వద్ద నీటిలో దిగరాదు. కార్బన్ కర్రల గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది కనుక పొలాల మీది కరెంటు తీగల క్రింద, ఉరుములు వినిపించే వేళ వాటిని ఎత్తరాదు. తెగిన తంగూసు దారాన్ని గట్టుపై వదిలితే కొంగల కాళ్లకు చుట్టుకుంటుంది. చుట్టి ఇంటికి తీసుకుపోవాలి.

పిల్లల గుంపు

కొర్రమీను వేటలో అన్నిటికంటె ముఖ్యమైన విషయం ఇది. తొలకరి వానలతో ఈ చేప గుడ్లు పెట్టడం మొదలవుతుంది. కలుపు మధ్య కొంచెం చోటు శుభ్రం చేసుకొని గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటిపై తేలుతాయి. ఒకటి రెండు రోజులలో పిల్లలు వస్తాయి. నారింజ ఎరుపు రంగులో ఉండే వందలాది పిల్లలు ముద్దగా ఒకచోట చేరి, గాలి కోసం పైకి లేచి మునుగుతూ కదులుతాయి. నీటిపై చినుకులు పడినట్లు కనిపిస్తుంది. వాటి క్రిందనే తల్లిదండ్రి చేపలు కొన్ని వారాలపాటు కాపలా కాస్తాయి.

ఆ గుంపు దగ్గర పడిన ఏ వస్తువుపైనైనా పెద్ద చేప దూకుతుంది. ఆకలి వలన కాదు, పిల్లలకు అపాయమని. అందువలన ఈ సమయంలో దానిని పట్టడం అతి సులభం. అనుభవం లేనివారు దానిని తమ నేర్పు అనుకుంటారు. కావలి పోయిన గుంపును ఇతర చేపలు, కొంగలు, నీటికాకులు త్వరలోనే ఖాళీ చేస్తాయి. సంఘంవారు ఏటా వదిలే బొచ్చె, రవ్వల వలె కాక, చాలా చెరువులలో కొర్రమీను సంతతి తనంతట తానుగా పెరగవలసిందే. మృగశిర కార్తె రోజున చేపలు తినడం తెలంగాణలో ఆచారం. హైదరాబాదులో ఆ సమయంలో ఇచ్చే చేప ప్రసాదంలో వాడేవి కూడా కొర్రమీను పిల్లలే. అంటే ఈ చేపకు గిరాకీ హెచ్చే రోజులూ, అది పిల్లలు పెట్టే రోజులూ దాదాపు ఒక్కటే.

ఎర్రని గుంపు కనిపిస్తే గాలం తీసి గట్టుకు మరొక పక్కకు పోవాలి. పొరపాటున కావలి చేప పడితే చేతులు తడిపి పట్టుకోవాలి. పొడి చేతికి దాని ఒంటి జిగురు ఊడిపోయి రోగాలు సోకుతాయి. కొక్కెపు ముల్లును ముందే పటకారుతో నొక్కి ఉంచితే తీయడం తేలిక. తీసిన చేపను పట్టినచోటనే, పిల్లలు ఇంకా కనిపిస్తుండగానే వదలాలి.