ఎండకు, సరిహద్దుకు నిలిచే ఫోన్



ఈ రోజు మనం కొత్త సెల్‌ఫోన్ గురించి మాట్లాడుకుందాం. హోలీ పండుగ వెళ్ళగానే నేనొక కొత్త స్మార్ట్‌ఫోన్ తీసుకున్నాను. ఎండాకాలం అంతా చంద్రపూర్‌లో, బల్లార్‌పూర్‌లో, రాజురా వైపు పల్లెల్లో దాన్ని వాడాను. వానలు కూడా చూసింది. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. ఆ ధరకు దొరికే ఫోన్లన్నీ ఇంచుమించు ఒకే తీరుగా ఉంటున్నాయి. గనిలోనో, కాగితం మిల్లులోనో పనిచేసే ఇంటికి పదిహేను వేలంటే చిన్న మాట కాదు గదా! అందుకని దుకాణంవాడు చెప్పే మాటలు పక్కన పెట్టి, మన ఊరికి ఏది పనికొస్తుందో చూద్దాం.

ముందుగా రూపం. 1973లో అమెరికాలో మార్టిన్ కూపర్ అనే ఇంజనీరు చేతిలో పట్టుకుని మాట్లాడే మొదటి సెల్‌ఫోన్‌ను చూపించినప్పుడు, దాని బరువు ఒక కిలో దాటింది. నా ఫోన్ సుమారు 200 గ్రాములు. పలుచగా, నున్నగా చూడముచ్చటగా ఉంది. కాని ఆ నునుపే దాని లోపం కూడా. చెమట పట్టిన చేతిలో చేపలా జారుతుంది. కనుక కొన్న రోజే, నాలుగు మూలలూ కాస్త మందంగా ఉండే రబ్బరు కవరు వేయించండి. ఫోన్ కిందపడితే మొదట దెబ్బ తగిలేది మూలకే.

మన దగ్గర ఇంకొక శత్రువు ఉంది. అది దుమ్ము. బొగ్గు మెత్తనిదే, గాజును గీయలేదు. కాని ఆ దుమ్ములో కలిసి ఉండే ఇసుక రేణువు ఫోన్ గాజుకన్నా గట్టిది. జేబులో తాళాలకంటే ఈ ఇసుకే తెరమీద ఎక్కువ గీతలు పెడుతుంది. తెరను చొక్కా అంచుతో గట్టిగా రుద్దకండి. ముందు ఊది, ఆ తర్వాత మెత్తని బట్టతో తుడవండి. పెట్టెమీద 'ఐపీ' అనే అక్షరాల పక్కన రెండు అంకెలుంటాయి. మొదటి అంకె దుమ్ముకు, రెండవది నీటికి. మొదటి అంకె 6 అయితే దుమ్ము లోపలికి పోదని అర్థం. ఘుగ్గుస్ వంటి గని ప్రాంతాల్లో ఉండేవారు ఈ అంకెను తప్పక అడగాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. అదేమిటంటే వేడి. పెద్ద కంపెనీలు తమ పుస్తకాల్లో, ఫోన్‌ను 35 డిగ్రీల లోపు వేడిలో వాడమని రాస్తాయి. మన చంద్రపూర్‌లో మే నెలలో 46, 47 డిగ్రీలు తాకడం కొత్త కాదు. మరి ఫోన్ ఏం చేస్తుంది? తనను తాను కాపాడుకుంటుంది. మధ్యాహ్నం పూట నా ఫోన్ తెర వెలుగు దానంతటదే తగ్గిపోయేది. వీడియో ఆగి ఆగి నడిచేది. చార్జింగ్ మధ్యలో నిలిచిపోయేది. ఫోన్ పాడైందని అప్పుడు కంగారు పడనక్కరలేదు. లోపలి ప్రాసెసర్ వేగం తగ్గించుకుని వేడి తగ్గించుకుంటుందన్నమాట. సాయంత్రం చల్లబడగానే మళ్ళీ మామూలుగానే పనిచేసింది.

అయితే లిథియం బ్యాటరీ ఆయుష్షు వేడికి నిజంగానే తగ్గుతుంది. వేడిగా ఉన్నప్పుడు చార్జింగ్ పెడితే మరీ త్వరగా తగ్గుతుంది. కాబట్టి తెల్లవారుజామునో, రాత్రి కూలరు దగ్గరో చార్జింగ్ పెట్టుకోండి. దిండు కింద పెట్టకండి. మోటారుసైకిల్ టాంకు సంచిలో, జీపు అద్దం ముందు వదిలేయకండి. చల్లబరచడానికి ఫ్రిజ్‌లో పెట్టడం మరీ ప్రమాదం. లోపల తేమ చేరుతుంది. ఫోన్ వెనక భాగం ఉబ్బినట్టు కనిపిస్తే వెంటనే వాడకం ఆపండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కితే, పొడిస్తే మంట పుట్టవచ్చు.

ఇంకొక మాట. బొగ్గు గని లోపలికి మామూలు ఫోన్ తీసుకుపోకూడదు. గాలిలో మీథేన్ ఉన్నచోట చిన్న నిప్పురవ్వ చాలు. ఫోన్ ఎంత కొత్తదైనా ఈ నియమం మారదు.

తరువాత సిగ్నల్. మనం సరిహద్దు జిల్లా వాళ్ళం. జివతి వైపు వెళ్తే ఫోన్ ఒకసారి మహారాష్ట్ర టవరును, ఇంకొకసారి తెలంగాణ టవరును పట్టుకుంటుంది. ఒకప్పుడు దీనికి రోమింగ్ డబ్బు కోసేవారు. ఇప్పుడు మామూలు ప్లాన్లలో ఆ బాధ లేదు. కాని టవరు దూరమైన కొద్దీ ఫోన్ గట్టిగా 'అరవాలి', అంటే ఎక్కువ శక్తి ఖర్చు చేయాలి. అందుకే పట్నంలో సాయంత్రందాకా సగం మిగిలే బ్యాటరీ అక్కడ మధ్యాహ్నానికే ఖాళీ అయింది. అడవి పక్క ఊళ్ళకు పోయేటప్పుడు బ్యాటరీ నిండా ఉంచుకోండి. ఆపద వేళ 112 నంబరుకు చేసే ఒక్క ఫోన్‌కైనా అది మిగిలి ఉండాలి.

భాష సంగతి కూడా చూడాలి. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోన్లలో ఒక వింత జరిగింది. మన 'జ్ఞా' అక్షరం, కంటికి కనిపించని ఒక గుర్తుతో కలిసి సందేశంలో వస్తే, ఆ యాప్ కుప్పకూలిపోయేది. అదే నెలలో కంపెనీ దాన్ని సరిదిద్దింది. మన గుణింతాలను, ఒత్తులను యంత్రానికి నేర్పడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది. నా కొత్త ఫోన్‌లో తెలుగు, మరాఠీ రెండూ పక్కపక్కనే టైపు చేయవచ్చు. నోటితో చెప్పినా రాస్తుంది, అయితే మన యాస విని అప్పుడప్పుడు తడబడుతుంది. దుకాణంలోనే 'స్త్రీ', 'జ్ఞానం', 'రాష్ట్రం' అని టైపు చేసి చూడండి. పెద్దవాళ్ళ కోసమైతే అక్షరాల సైజు పెంచి కూడా చూడండి.

ఇక మన రేడియో! చాలా ఫోన్లలో ఎఫ్.ఎం. రేడియోకు ఇయర్‌ఫోన్ వైరే ఏరియల్. కొత్త ఫోన్లలో ఆ వైరు పెట్టే రంధ్రమే తీసేస్తున్నారు. 2023లో కేంద్ర ప్రభుత్వం, ఫోన్లలో ఎఫ్.ఎం. ఉంచమని తయారీదార్లకు సూచించింది. యాప్‌లో ఆకాశవాణి వినవచ్చు, కాని దానికి డేటా కావాలి. గాలివానకు టవర్లు నిలిచిపోయినప్పుడు ఎఫ్.ఎం. ఒక్కటే పలుకుతుంది. అందుకే రంధ్రం ఉన్న ఫోన్‌నే నేను ఎంచుకున్నాను.

చివరగా, కొనేటప్పుడు స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ నొక్కండి. 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. నంబరు కనిపిస్తుంది. అది పెట్టెమీద, బిల్లుమీద ఉన్న నంబరుతో సరిపోవాలి. బిల్లు దాచుకోండి. ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదు ఇచ్చి, ప్రభుత్వపు 'సంచార్ సాథీ' ద్వారా ఈ నంబరుతోనే దాన్ని అడ్డుకోవచ్చు.

మొత్తంమీద నా ఫోన్ మాటకు, ఫోటోకు, చెల్లింపులకు, పిల్లల చదువుకు సరిపోయింది. దానికన్నా రెండింతల ధర ఫోన్ కూడా మే నెల మధ్యాహ్నం ఎండలో నీడ వెతుక్కోవలసిందే. కనుక మెరుపు చూసి కాక, మన ఎండ, మన దుమ్ము, మన సరిహద్దు చూసి ఎంచుకోండి.