సైన్యం విడిచిన బట్టలు

తెల్లవారుజామున పాలు పోసే మనిషి తలకు మంకీ క్యాపు, ఆర్టీసీ కండక్టరు ఒంటిమీద ఖాకీ చొక్కా, కాలేజీ కుర్రాడికి టీ షర్టు, తొడల పక్కన పెద్ద జేబులున్న కార్గో ప్యాంటు, చేతికి గడియారం. ఒకదానితో ఒకటి పొంతన లేని ఈ వస్తువులన్నీ ఏదో ఒక సైన్యం చేతిమీదుగా మనదాకా వచ్చినవే. మంకీ క్యాపుకు మూలం 1850ల క్రిమియా యుద్ధంలో చలికి అల్లాడిన బ్రిటిష్ సైనికుల ఉన్ని టోపీ. ఖాకీని మొదట తొడిగింది 1846లో పెషావర్‌లో హ్యారీ లమ్స్‌డెన్ సమకూర్చిన గైడ్స్ దళం. టీ షర్టు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా నావికులకు ఇచ్చిన లోచొక్కా. చేతి గడియారాన్ని అంతకుముందు ఆడవాళ్ల నగగానే చూసేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లోని అధికారులకు జేబులోంచి గడియారం తీసి చూసుకునే వీలు లేక మగవాళ్ల మణికట్టుకూ ఎక్కింది. సైన్యపు వస్తువులు ఇలా జనంలోకి రావడానికి సాధారణంగా చెప్పే కారణం ఒకటే: జనానికి సైనికుడి వీరత్వమంటే మోజు, అందుకే అతని వేషాన్ని అనుకరిస్తారు. ఇందులో కొంత నిజముంది, కానీ అసలు సంగతి అది కాదు. సైన్యం మన బట్టల్ని మార్చింది డబ్బుతో, పరీక్షలతో, పంపకంతో. మోజు ఆ తర్వాత వచ్చింది.

ముందు పంపకం సంగతి చూద్దాం. ఒకేసారి లక్షలమందికి బట్టలు కుట్టించాల్సిన అవసరం సైన్యానికి తప్ప ఇంకెవరికీ ఉండేది కాదు. 1861లో మొదలైన అమెరికా అంతర్యుద్ధంలో యూనిఫారాల కోసం సైనికుల కొలతలు పెద్ద ఎత్తున చేరాయి. ఫలానా ఛాతీ ఉన్నవాడికి నడుము దాదాపు ఇంత ఉంటుందని తేలాక, దర్జీ ముందు నిలబడకుండానే చొక్కా కొనుక్కునే దారి పడింది. నేటి రెడీమేడ్ దుకాణంలో కాలరు వెనక కనిపించే సైజు అంకె ఆ దారిలోనే వచ్చింది. ఇక యుద్ధం ముగిసినప్పుడు మిగిలిపోయిన సరుకు గుట్టలు గుట్టలుగా చవకగా బజారుకు చేరేది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో మాజీ సైనికుల చదువుకు సాయపడిన 1944 నాటి జీఐ చట్టం పుణ్యమా అని సుమారు 22 లక్షల మంది మాజీ సైనికులు కాలేజీల్లో చేరారు. చాలామంది తమ ఖాకీ ప్యాంట్లతోనే తరగతికి వెళ్లారు. అలా ఆ ప్యాంటు అక్కడ చదువుకున్న యువకుడి తీరిక వేషమైంది. అదే ఖాకీని మన దగ్గర ప్రభుత్వం పోలీసుకు, పోస్ట్‌మన్‌కు, బస్సు డ్రైవరుకు ఇచ్చింది. అందుకే ఇక్కడ ఖాకీ అంటే ఉద్యోగం, అధికారం. పత్రికల్లో ‘ఖాకీలు’ అని రాస్తే పోలీసులనే చదువుకుంటాం. రంగు ఒకటే అయినా ఎవరి చేతిమీదుగా, ఎవరికి అందిందన్నదే దాని అర్థాన్ని నిర్ణయించింది. వీరత్వం మీద మోజే కారణమైతే రెండు చోట్లా ఒకే అర్థం రావాలి కదా.

కొండలెక్కేవాళ్లు, మంచులో తిరిగేవాళ్లు వేసుకునే బట్టల విషయంలో పరీక్షల పాత్ర ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1943 మే నెలలో అలాస్కాకు చెందిన అట్టూ దీవిని జపాన్ నుంచి తిరిగి గెలుచుకోవడానికి అమెరికా సైన్యం దిగింది. యుద్ధంలో 549 మంది చనిపోగా, సుమారు 1,200 మంది చలివల్ల, తడివల్ల తీవ్రంగా దెబ్బతిన్నారు. పనికిరాని బూట్లలో ఎందరికో పాదాలు పాడైపోయాయి. తూటాలాగే చలి కూడా సైనికుణ్ణి పడగొడుతుందని తెలిశాక బట్టలు ఆయుధాలతో సమానమయ్యాయి. అమెరికా సైన్యపు సరఫరా విభాగంలో ప్రణాళిక బాధ్యతలు చూసిన జార్జెస్ డోరియో హార్వర్డ్‌లో వ్యాపార పాఠాలు చెప్పిన ఆచార్యుడు. ఆయన విభాగం బట్టల పరిశోధనకు పర్వతారోహకులను, ధ్రువ యాత్రికులను పిలిచింది. అంటార్కిటికాలో గాలి వేగం పెరిగేకొద్దీ ఒళ్లు ఎంత త్వరగా చల్లబడుతుందో కొలిచిన పాల్ సైపల్ వారిలో ఒకడు. లోపల్నుంచి వేడిచేసిన రాగి మనిషి బొమ్మలకు కోట్లు తొడిగి ఏ కోటు ఎంత వేడిని పట్టి ఉంచుతుందో లెక్కగట్టారు. ఆ వెచ్చదనాన్ని కొలవడానికి ‘క్లో’ అనే ప్రమాణాన్ని శాస్త్రవేత్తలు 1941లోనే ప్రతిపాదించారు. మామూలు సూటు వేసుకుని 21 డిగ్రీల గదిలో కూర్చున్న మనిషికి సుఖంగా ఉంటే, ఆ సూటు ఇచ్చే రక్షణ సుమారు ఒక క్లో.

ఆ పరిశోధన నుంచి తేలిన సూత్రం చాలా సరళమైనది. ఒంటిని వెచ్చగా ఉంచేది బట్ట మందం ఒక్కటే కాదు, బట్టల్లో కదలకుండా చిక్కుకున్న గాలి కూడా. ఈదురుగాలి దాన్ని తరిమేస్తుంది. చెమట బట్టను తడిపి ఆ గాలి ఉండాల్సిన చోటును ఆక్రమిస్తుంది. కాబట్టి బరువైన ఓవర్‌కోటు ఒకటి తగిలించేకంటే పల్చటి పొరలు కొన్ని వేయాలి: లోపల ఒంటికి ఆనే చొక్కా, మధ్యలో గాలిని పట్టి ఉంచే ఉన్ని, పైన గాలిని ఆపే దట్టమైన నేత. నడుస్తూ ఒళ్లు వేడెక్కితే ఒక పొర తీసేయాలి, ఆగితే మళ్లీ వేయాలి. అమెరికా సైన్యపు 1943 నమూనా యూనిఫారం ఈ ఆలోచన మీదే తయారైంది. ఇవాళ హిమాలయాలకు ట్రెక్కింగుకు వెళ్లేవారికి మొదట చెప్పే పాఠమూ ఇదే.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది: సైన్యం కనిపెట్టిందేముందని. టోపీతో కలిపి కుట్టే పార్కా కోటు ఆర్కిటిక్ ఆదివాసులది. చలిలో బతకడమెలాగో వాళ్లకు తరతరాలుగా తెలుసు. ట్రెంచ్ కోటుకు వాడిన గాబర్డీన్ నేతను థామస్ బర్బెరీ 1879లో తయారుచేశాడు, అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధపు కందకాలు ఊహలో కూడా లేవు. ఈకలు కూరిన జాకెట్టును ఎడ్డీ బాయర్ 1930లలో వేటగాళ్లకు, చేపలు పట్టేవాళ్లకు అమ్మాడు. సైన్యం అతని దగ్గరికి తర్వాత వచ్చింది. ఈ అభ్యంతరం న్యాయమైనదే. ముఖ్యంగా పార్కా కుట్టిన ఆర్కిటిక్ స్త్రీల పేర్లు చాలావరకు చరిత్రకెక్కకపోవడం బాధాకరం. అయితే కనిపెట్టడం వేరు, అందరికీ చేర్చడం వేరు. ఏది పనికొస్తుందో ఏరి, దాన్ని కొలిచి, ఒక నమూనాగా స్థిరపరచి, కార్ఖానాలతో లక్షల్లో కుట్టించే స్తోమత ఆ రోజుల్లో సైన్యానికే ఉంది. నేను సైన్యానికి ఇస్తున్న ఘనత అంతవరకే.

రెండో అభ్యంతరం నైతికమైనది: సైనిక దుస్తులు తొడగడమంటే యుద్ధాన్ని అలంకారంగా ధరించడం కాదా? బట్టలు మాత్రం అలా ప్రవర్తించలేదు. 1960లలో ఇంగ్లండ్‌లో స్కూటర్ల మీద తిరిగిన మాడ్ కుర్రాళ్లు అమెరికన్ సైన్యపు పార్కాను కొన్నది, లోపలి ఖరీదైన సూటుకు బురద అంటకుండా చూసుకోవడానికి. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1971లో వాషింగ్టన్‌లో తమ పతకాలు విసిరేసినప్పుడు ఒంటిమీద ఉన్నవి సైన్యపు చొక్కాలు, జాకెట్లే. యుద్ధం ఇచ్చిన బట్టతోనే యుద్ధాన్ని నిలదీశారు. సేవలో ఉన్న సైన్యపు యూనిఫారాన్ని అచ్చంగా అనుకరించడం మాత్రం వేరే సంగతి. మన సైన్యం 2022లో ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ సాయంతో రూపొందించిన కొత్త పోరాట దుస్తుల నమూనాపై హక్కులు నమోదు చేయించుకుంది. భద్రత రీత్యా అది సబబే.

ఇంతకీ ఈ మేలు జరగాలంటే యుద్ధాలు కావాలా? అక్కర్లేదు. బాబ్ గోర్ 1969లో సాగదీసిన పొరతో పుట్టిన, నీరు చొరని గోర్‌టెక్స్ బట్ట మొదట పర్వతారోహకుల బజారుకు చేరి, ఆ తర్వాతే అమెరికా సైన్యంలోకి వెళ్లింది. పక్షి ఈకలు తడిస్తే పనికిరావు గనుక అమెరికా సైన్యం ప్రత్యామ్నాయం కోరితే 1980లలో ప్రైమాలాఫ్ట్ అనే కృత్రిమ దూది వచ్చింది. ఇప్పుడది మామూలు జాకెట్లలో ఉంది. అవసరమైనవి ప్రజాధనం, ఓపికైన పరీక్షలు, ఫలితం నలుగురికీ అందే దారి. ఈ మూడింటినీ శాంతికాలంలోనూ సమకూర్చవచ్చు.

మన దేశానికి ఇది పుస్తకాల్లో చదివి వదిలేసే విషయం కాదు. 1984 నుంచి సియాచిన్ హిమానీనదం మీద మన సైనికులు కాపలా కాస్తున్నారు. ఏళ్ల తరబడి వారి చలి దుస్తుల్లో చాలావరకు విదేశాల నుంచే తెచ్చుకున్నాం. 2021 డిసెంబరులో మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ తాను రూపొందించిన మూడు పొరల చలి దుస్తుల పరిజ్ఞానాన్ని అయిదు భారతీయ సంస్థలకు అందించింది. 15 డిగ్రీల నుంచి మైనస్ 50 డిగ్రీల దాకా పనిచేసేలా రూపొందించిన దుస్తులవి. సియాచిన్ ఉన్న లడఖ్ కొండల్లోనే రోడ్లు వేసే కూలీలు చాలామంది జార్ఖండ్ వంటి రాష్ట్రాల నుంచి వెళ్లినవారు, అంతటి చలి ఎరగనివారు. ప్రజల డబ్బుతో నేర్చుకున్న ఈ విద్యలో చవకైన రూపం ఒకటి తయారుచేయించి, ముందుగా వారికి ఇవ్వాలి. సైన్యం వాడి విడిచిన తర్వాత ఎప్పటికో వారికి చేరాలని ఎదురుచూడకూడదు.