వేపపిండికి గిరాకీ సరే, నాణ్యం మాటేమిటి?

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో చేనిగట్లపై వేపచెట్టు సర్వసాధారణం. జూన్, జులై నెలలలో రాలిన పండ్లను కూలిజనం ఏరి, గింజ ఎండబెట్టి వర్తకులకు అమ్ముతారు. ఎదిగిన చెట్టు ఏటా 30 నుండి 50 కిలోల పండు కాస్తుంది. గింజ ఆడించగా నూనె పోను మిగిలిన పిండికి కూరగాయల రైతులు ముఖ్యమైన కొనుగోలుదారులు.

వేరులో దాగిన పురుగు

టమాటా, వంగ, మిరప వేళ్లపై బుడిపెలు కట్టించేది కంటికి కనబడని నులిపురుగు. నీరున్నా మొక్క మధ్యాహ్నానికి వాడిపోతుంది. బత్తాయి తోటలను క్షీణింపజేసే నులిపురుగు వేరొక రకం. వేపపిండిలోని అజాడిరక్టిన్, నింబిన్ వంటి చేదు పదార్థాలు, పిండి కుళ్ళేటపుడు వెలువడే అమ్మోనియా ఈ పురుగులను అణచివేస్తాయి. ఆముదపు పిండి, కానుగ పిండి కూడా పనిచేస్తాయి. బంతి వేళ్లలోని ఆల్ఫా టెర్థైనిల్ నులిపురుగును చంపుతుందని 1958లో హాలెండ్ శాస్త్రజ్ఞులు వెల్లడించారు.

గిరాకీకి కారణాలు

2015లో దేశీయ యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి కావడంతో గింజకు కొత్త గిరాకీ వచ్చింది. ఫోరేట్ గుళికలపై 2020 డిసెంబరు 31 నుండి పూర్తి నిషేధం అమలులోకి వచ్చింది. 2021లో తెలుగు ప్రాంతాలలో కొమ్మ ఎండు తెగులు వేపచెట్లను పీడించింది.

కొనేవారు గమనించవలసినది

తడి గింజను కుప్పపోస్తే బూజు పడుతుంది. మండుటెండలో ఎండబెడితే అజాడిరక్టిన్ తరిగిపోతుంది. నేలపై కాక పట్టాలపై ఏరి, గుజ్జు తీసి, నీడన ఆరబెట్టిన గింజే మేలు. శుభ్రమైన సరుకుకు వర్తకులు ధరలో తేడా చూపనంతకాలం ఏరేవారికి ఆ శ్రమపై ఆసక్తి వుండదు. చివరకు నష్టపోయేది పిండి కొన్న రైతే. ఎక్స్‌పెల్లర్‌పై ఆడించిన పిండిలో కొంత నూనె మిగులుతుంది; సాల్వెంటుతో తీసిన పిండిలో అది దాదాపు వుండదు. బస్తా కొనేముందు ఈ తేడా అడగడం మంచిది.

ఎకరాకు 200 కిలోల పిండి వేస్తే సుమారు 10 కిలోల నత్రజని కూడా అందుతుంది. ఇది దాదాపు 22 కిలోల యూరియాతో సమానం. పిండి ఖరీదులో ఆ మేరకు ఎరువు ఖర్చు తగ్గించి లెక్క చూసుకోవాలి. నాటడానికి రెండు, మూడు వారాల ముందు తేమ నేలలో కలిపితేనే గుణం. పురుగును సమూలంగా తుడిచివేయకపోయినా, పంట నిలబడేంతవరకు దాని ఉధృతిని తగ్గించగలదు.