బ్యాటరీ మార్చే ముందు మీటరు పెట్టి చూడండి

సూరత్‌లోని లింబాయత్‌లో తెలుగు మాట కొత్త కాదు. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు అక్కడ చాలాకాలంగా స్థిరపడ్డాయి. షిఫ్టుకు బయలుదేరే వేళ బైకు సెల్ఫ్ ‘టిక్ టిక్’మని ఆగిపోతే ముందుగా అనుమానించేది బ్యాటరీనే. కానీ లోపం ఛార్జింగ్ వ్యవస్థలో ఉంటే కొత్త బ్యాటరీ కూడా కొద్దిరోజులకే చతికిలబడుతుంది. డబ్బు దండగ.

ఇంజిన్‌తో పాటు తిరిగే అయస్కాంత చక్రం, దాని దగ్గర కదలకుండా ఉండే రాగి తీగచుట్టలు కలిసి కరెంటు పుట్టిస్తాయి. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణే ఇందుకు మూలం. ఇలా పుట్టేది ఏసీ కరెంటు. బ్యాటరీకి కావలసింది డీసీ. ఏసీని డీసీగా మార్చి, వోల్టేజి హద్దు దాటకుండా కాపాడేది రెగ్యులేటర్-రెక్టిఫయర్.

పరీక్షకు మామూలు మల్టీమీటరు చాలు. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక బ్యాటరీ టెర్మినళ్ల మధ్య డీసీ వోల్టేజి చూడండి. నిండుగా ఛార్జయిన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ దాదాపు 12.6 నుంచి 12.8 వోల్టులు చూపుతుంది. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ పెంచండి. రీడింగు సుమారు 13.8–14.5కు చేరితే ఛార్జింగ్ బాగున్నట్టే. అసలు పెరగకపోతే ఛార్జింగ్ అందడం లేదు. 15 దాటితే రెగ్యులేటర్‌ను అనుమానించాలి. అతిగా ఛార్జయ్యే బ్యాటరీ నుంచి మండే గుణమున్న హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది.

ఛార్జింగ్ అందకపోతే ముందు వైర్లు, కనెక్టర్లు, ఎర్తింగు చూడాలి. అవి సరిగా ఉంటే కాయిల్ కనెక్టర్ విడదీసి ఏసీ వోల్టేజి కొలవాలి. మూడు తీగల కాయిల్ అయితే ఏ రెండింటి మధ్య చూసినా దాదాపు ఒకే రీడింగు రావాలి, ఇంజిన్ వేగంతో పాటు అది పెరగాలి. ఇంజిన్ ఆపాక ఏ తీగకూ బండి బాడీతో కనెక్షన్ ఉండకూడదు. ఉంటే కాయిల్ ఇన్సులేషన్ దెబ్బతిన్నట్టు. కాయిల్ బాగుంటే మిగిలిన అనుమానం రెగ్యులేటర్ మీదే.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూడటం మాత్రం వద్దు. ఒక్కసారిగా ఎగసే వోల్టేజి ఎలక్ట్రానిక్ భాగాలను పాడుచేయవచ్చు.

గుల్మార్గ్ మంచుపై తిరిగే స్నోమొబైల్‌లోనూ కాయిల్, రెగ్యులేటర్‌ల పని ఇదే. పరీక్ష వరస కూడా ఇంతే. తేడా వాతావరణంలో ఉంది. చలికి బ్యాటరీలోని రసాయన చర్య మందగించి స్టార్టింగ్ శక్తి తగ్గుతుంది. సూరత్ వేడికి లోపలి పలకల తుప్పు వేగం పెరిగి ఆయుష్షు తగ్గుతుంది.

రెండు కిలోమీటర్ల ప్రయాణానికి నాలుగుసార్లు సెల్ఫ్ కొడితే, లోపమేమీ లేకపోయినా ఖర్చయిన ఛార్జి తిరిగి నిండకపోవచ్చు. అలాంటి బండికి కావలసింది కొత్త బ్యాటరీ కాదు, కాస్త కిక్కు, కాస్త దూర ప్రయాణం.